క్లెయిమ్ ఫారాలు నింపినవాడికే ఓట్లేశారు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక చిన్న పట్టణ కౌన్సిల్‌కు మళ్లీ ఎన్నికైన మన తెలుగాయన గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో అరపేజీ వేశారు. సంతోషం. చౌటుప్పల్ దగ్గర చేనేత కుటుంబంలో పుట్టి, చేతిలో ఏమీ లేకుండా వెళ్లి, బీమా వ్యాపారం పెట్టి, రాజకీయాల్లోకి వచ్చాడని రాశారు. ఇల్లు ఎంత పెద్దదో రాశారు. కార్లు ఎన్నో రాశారు. మన నాయకులతో దిగిన ఫొటోలు వేశారు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ ఊరివాళ్లు అతనికి ఎందుకు ఓటేశారో ఆ అరపేజీలో ఎక్కడా కనపడలేదు. పైగా "తెలుగువారి ఓట్లతో గెలుపు" అని ఉపశీర్షిక పెట్టారు. అది మాత్రం సరికాదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఎల్‌ఐసీలో డెవలప్‌మెంట్ ఆఫీసర్‌గా చేసి రిటైరైనవాణ్ని. నల్లకుంటలో ఉంటాను. మీరు రాసిన మనిషి 1990లలో మలక్‌పేట, సైదాబాద్, చంపాపేట వైపు నా టీంలో ఏజెంటు. పేరు మీరు వేశారు కాబట్టి నేను మళ్లీ రాయను. అమెరికా వెళ్లాక కూడా మా మధ్య ఫోన్లు ఆగలేదు. ఇండియా వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చి, మా ఆవిడ చేసిన సర్వపిండి తిని వెళ్తాడు. ఇక్కడ రాసేవన్నీ నేను కళ్లారా చూసినవి, లేదా అతని నోటి వెంట విన్నవి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పాలసీలు అమ్మేది ఏజెంట్లు. ఆ ఏజెంట్లను వెతికి, నేర్పించి, వాళ్ల చేత పని చేయించేది డెవలప్‌మెంట్ ఆఫీసర్లు. ఏజెంటు ఎంత బిజినెస్ చేస్తే మాకు అంత పేరు. మార్చి వచ్చిందంటే మాకు తిండీ నిద్రా ఉండేవి కావు. టార్గెట్ టెన్షన్‌లో చాలామంది ఏజెంట్లు తమ కమీషన్‌లోంచి మొదటి ప్రీమియం కట్టి పాలసీ చేయించేవాళ్లు. ఇలా రిబేటు ఇవ్వడం బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం. అయినా అది అన్నిచోట్లా నడిచేది. అలా చేయించిన పాలసీ రెండో ఏడాదికే ప్రీమియం కట్టక ల్యాప్స్ అయ్యేది, ఎందుకంటే తన జేబులోంచి కట్టనివాడికి అది తన పాలసీ అనే ధ్యాసే ఉండదు. ఈ కుర్రాడు ఒక్క పాలసీకి కూడా రిబేటు ఇవ్వలేదు. అందుకే మా బ్రాంచిలో అతని బిజినెస్ ఎప్పుడూ మధ్యస్తంగానే ఉండేది. ఎక్కువ బిజినెస్ చేసిన ఏజెంట్లకిచ్చే క్లబ్ మెంబర్‌షిప్పులు, షీల్డులు అతనికి రాలేదు. కానీ ల్యాప్స్ అయిన పాలసీలు అందరికన్నా తక్కువ ఉన్నది అతని దగ్గరే.

అతను ఎలాంటివాడో తెలియాలంటే ఒక క్లెయిమ్ గురించి చెప్పాలి. సైదాబాద్‌లో ఒక ఆటో డ్రైవరు యాక్సిడెంట్‌లో పోయాడు. పాలసీ పాతిక వేలది, యాక్సిడెంట్ బెనిఫిట్‌తో కలిపి యాభై వేలు రావాలి. ఆ పాలసీ చేసిన ఏజెంటు ఎప్పుడో పని మానేశాడు. అలాంటివాటిని మేము ఆర్ఫన్ పాలసీలు అంటాం. ఆ క్లెయిమ్ ఇప్పించినా ఇతనికి రూపాయి రాదు. భార్యకు చదువు లేదు. నామినీగా ఉన్నది చనిపోయినాయన తల్లి, ఆవిడ అప్పటికే కాలం చేసింది. నామినీ లేకపోతే వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టుకెళ్లాలి. చిన్న మొత్తమైతే ష్యూరిటీతో ఇండెమ్నిటీ బాండు, అంటే రేపు ఇంకో హక్కుదారు వస్తే ఆ నష్టం మాదే అనే పూచీకత్తు, రాసిచ్చినా సరిపోతుంది. యాక్సిడెంట్ కాబట్టి ఎఫ్‌ఐఆర్ కావాలి, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. ఇవన్నీ ఆమెకు ఎవరు చెప్పాలి?

ఇతను తన లూనా మీద ఆమె తమ్ముణ్ని ఎక్కించుకుని పోలీస్ స్టేషన్‌కీ ఆసుపత్రికీ కాళ్లరిగేలా తిరిగాడు. ష్యూరిటీకి ఆస్తి ఉన్న మనిషి కావాలంటే, ఆమె రోజూ ఉప్పూ పప్పూ తెచ్చుకునే కిరాణా కొట్టు సేటును బతిమాలి తీసుకొచ్చాడు. బ్రాంచిలో నా టేబుల్ పక్కనే కింద కూర్చుని, ఆమెకు ఒక్కో గడీ చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసి, వేలిముద్ర వేయించాడు. వేలిముద్ర అలుక్కుపోతే ఇంకో ఫారం తెచ్చి మళ్లీ మొదటి నుంచి నింపాడు. ఆ రోజు సాయంత్రం నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "సార్, ప్రీమియం తీస్కునేటప్పుడు మనం వాళ్లింటికి పోతం. పైసలిచ్చేటప్పుడు వాళ్లే మన ఆఫీసుకు రావాల్నా?"

అతని జీవితం మొత్తానికి మూలం ఈ మాటే. మీ వ్యాసంలో ఇలాంటిది ఒక్కటీ లేదు.

అతని భార్య నర్సు. అప్పట్లో నర్సుల కొరత వల్ల, పరీక్షలు పాసైనవాళ్లకు అమెరికా నేరుగా గ్రీన్‌కార్డు ఇచ్చేది. ఆమె పాసైంది. 2002లో పిల్లలతో సహా వెళ్లిపోయారు. ఆమె సంపాదనతో వెళ్లాడని ఇక్కడ కొందరు చిన్నచూపు చూశారు. ఆమె నైట్ డ్యూటీలు చేసి ఇల్లు నిలబెట్టకపోతే ఇతని వ్యాపారమూ లేదు, రాజకీయమూ లేదు. మీరు ఆమె గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఈసారి రాస్తే ఆమె ఫొటో కూడా వేయండి.

న్యూజెర్సీలో పెట్రోలు ఎవరికి వారు పోసుకోకూడదు, బంకులో మనిషే పోయాలి. 1949 నుంచీ అక్కడ అదే చట్టం. ఆ చట్టం పుణ్యమా అని కొత్తగా దిగిన ఎందరికో మొదటి ఉద్యోగం పెట్రోలు బంకులోనే. ఇతనికీ అంతే. చలికాలంలో వేళ్లు కొంకర్లు పోతుంటే పెట్రోలు పోస్తూ, మధ్యలో బీమా లైసెన్సు పరీక్షకు చదువుకున్నాడు. అక్కడ బీమా మీద పెత్తనం కేంద్రానిది కాదు, రాష్ట్రాలది. ఏ రాష్ట్రంలో అమ్మాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. పదకొండు రాష్ట్రాల్లో బీమా కమిషనర్‌ను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. న్యూజెర్సీలో మాత్రం గవర్నర్ నియమిస్తాడు. బీమా గురించి మాట్లాడి ఓట్లడిగే అభ్యర్థులు ఉంటారని అతను మొదటిసారి ఫోన్‌లో చెప్పినప్పుడు నేను నమ్మలేకపోయాను.

లైసెన్సు వచ్చాక ఒక పెద్దాయన నడిపే ఏజెన్సీలో గుమాస్తాగా చేరాడు. అది ఏ ఒక్క కంపెనీకో చెందినది కాదు, పది కంపెనీల పాలసీలు అమ్మే స్వతంత్ర ఏజెన్సీ. పగలు ఆయన కస్టమర్లను చూసేవాడు. సాయంత్రాలు మన పిల్లల దగ్గరికి వెళ్లేవాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు అక్కడి డ్రైవింగ్ రికార్డు ఉండదు కాబట్టి కారు ప్రీమియం చుక్కలు చూపిస్తుంది. ఆ రాష్ట్రంలో బేసిక్ పాలసీ అని ఒకటుంది. చవక. కానీ మన కారు తగిలి ఎదుటివాడికి దెబ్బ తగిలితే అది ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మన పిల్లలు అదే ఇమ్మని అడిగేవాళ్లు. వద్దని గంటలు గంటలు నచ్చజెప్పేవాడు. కమీషన్ కోసం చెప్తున్నాడని కొందరు వేరే ఏజెంటు దగ్గరికి పోయేవాళ్లు.

కొన్నేళ్లకు ఆ పెద్దాయన రిటైరవుతూ తన కస్టమర్ల పద్దునంతా ఇతనికే అమ్మాడు, వాయిదాల మీద. మీ వ్యాసంలో "అమెరికాలో బీమా సామ్రాజ్యం" అన్నది ఇదే. ఒక ఆఫీసు, నలుగురైదుగురు మనుషులు. సామ్రాజ్యం కాదు గానీ, గౌరవంగా నడిచిన వ్యాపారం. ఆ పద్దులో ఉన్న కస్టమర్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు కారు. తరతరాలుగా ఆ ఊళ్లో నది ఒడ్డున ఉంటున్న పోలిష్, ఐరిష్ కుటుంబాలు, పోర్చుగీసువాళ్లు. ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు. మొదట్లో ఇతని యాస అర్థం కాక విసుక్కునేవాళ్లట. తర్వాత తర్వాత పింఛను కాగితాలు కూడా తెచ్చి చూపించేవాళ్లు.

2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకింది. సముద్రం పోటెత్తి రారిటన్ నదిలోకి ఎదురొచ్చింది. ఆ నీళ్లు వీళ్ల ఊళ్లో పల్లపు వీధులన్నిట్లోకీ చేరాయి. అక్కడ ఇంటి పాలసీ లేని కుటుంబం దాదాపు ఉండదు, ఎందుకంటే అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. కానీ మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. గాలికి కప్పు ఎగిరిపోతే ఇస్తారు, కింద నుంచి నీళ్లొస్తే ఇవ్వరు. వరద బీమా వేరు. అది 1968 నుంచీ కేంద్ర ప్రభుత్వం నడిపే పథకం. ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు, సామానుకు లక్ష. తీసుకున్నాక మామూలుగా 30 రోజులు ఆగితేగానీ అమల్లోకి రాదు. అంటే టీవీలో తుపాను వార్త చూసి పరుగెత్తినా లాభం లేదు.

ఇతను అంతకు ముందు ఆ వీధుల్లో ఇంటింటికీ తిరిగి వరద బీమా తీసుకోమని చెప్పి ఉన్నాడు. కొందరు తీసుకున్నారు. చాలామంది వద్దన్నారు. వద్దన్నవాళ్ల చేత, "ఏజెంటు చెప్పాడు, మాకు అక్కర్లేదు" అని సంతకం పెట్టించుకుని ఫైల్లో పెట్టుకోవడం అక్కడ ఏజెంట్లకు అలవాటు. రేపు కోర్టుకెక్కితే అదే రక్ష. ఇతని దగ్గరా ఆ కాగితాలున్నాయి. చూపించి చేతులు దులుపుకోవచ్చు. అతను ఆ ఫైలు తెరవనే లేదు. ఊరంతా కరెంటు లేదు. ఆఫీసు ముందు కారు పార్కింగులో జనరేటరు, మడత టేబుల్ వేసుకుని కూర్చున్నాడు. తన కస్టమరా, పక్క ఏజెన్సీ కస్టమరా, అసలు పాలసీయే లేనివాడా అని చూడలేదు. పాలసీ ఉన్నవాళ్లకు నష్టం వివరాల ఫారం, లేనివాళ్లకు ప్రభుత్వ సాయం ఫారం. ఆ సాయం అప్పట్లో గరిష్ఠంగా 31,900 డాలర్లు. ఇల్లు మునిగినవాడికి అది ఏ మూలకు? అయినా ఫారం సరిగ్గా నింపకపోతే అదీ రాదు.

ఆ టేబుల్ దగ్గర అతను జనానికి చెప్పినవి చాలా చిన్న విషయాలు. తడిసిన సోఫా బయట పారేసేముందు ఫొటో తీసుకోండి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ మరక కడగకముందే టేపు పెట్టి కొలిచి ఫొటో తీయండి. ఫ్రిజ్ మీద మోడల్ నంబరు రాసుకోండి. తడిసిన కార్పెట్ చదరపు అడుగు ముక్క కోసి దాచండి, నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చేసరికి అంతా కుళ్లిపోతుంది. భర్త పోయిన ఒక ముసలావిడకు బిల్లులేవీ లేకపోతే, పాత క్రిస్మస్ ఫొటోలన్నీ తెప్పించి, వాటిలో వెనక కనిపించే సామాను చూసి జాబితా రాశాడు. సైదాబాద్ ఆటో డ్రైవరు భార్యకు చేసినట్టే, ఒక్కో గడీ చదివి వినిపించి.

తర్వాత రాష్ట్ర ప్రభుత్వం మునిగే ఇళ్లను తుపానుకు ముందున్న ధరకు కొనే పథకాన్ని ఆ ఊళ్లకు తెచ్చింది. దాని పేరు బ్లూ ఏకర్స్. కొన్న ఇళ్లను కూలగొట్టి ఆ నేలను శాశ్వతంగా ఖాళీగా వదిలేస్తారు, మళ్లీ నీళ్లొస్తే వాటికి చోటుండాలని. అమ్ముకుని పోదామనేవాళ్లు కొందరు, పుట్టి పెరిగిన ఇల్లు వదలమనేవాళ్లు కొందరు. ఇళ్లు పోతే వాటి మీద వచ్చే పన్ను పోతుందని స్థానిక ప్రభుత్వాలకు బెంగ. కౌన్సిల్ సమావేశాల్లో మామూలు జనం లేచి మాట్లాడడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు. ఇతను ప్రతి సమావేశానికీ వెళ్లి ఆ కొన్ని నిమిషాల్లో లెక్కలు చెప్పేవాడు. తుపాను వచ్చిన ఏడాదే చేసిన కొత్త చట్టం వల్ల వరద ప్రీమియంపై రాయితీలు తగ్గిపోతాయి, ఇల్లు ఎత్తు లేపకపోతే ముందు ముందు ప్రీమియం ఇంత అవుతుంది, అమ్మితే ఇంత చేతికొస్తుంది, ఏది కావాలో ఎవరికి వారు తేల్చుకోండి అని. గోల పెరిగి 2014లో అక్కడి పార్లమెంటే ఆ ప్రీమియం పెంపును నెమ్మది చేసింది. ఆ వీధులవాళ్లే, నువ్వు ఇక్కడ నిలబడి మాట్లాడటం కాదు, అక్కడ కూర్చుని మాట్లాడు అని అతన్ని ఎన్నికల్లో నిలబెట్టారు.

మొదటిసారి ఓడిపోయాడు. ఇంటింటికీ తిరుగుతుంటే మొహం మీదే తలుపేసినవాళ్లున్నారు, మీ దేశం వెళ్లిపో అన్నవాళ్లూ ఉన్నారు. రెండోసారి గెలిచాడు. మళ్లీ చెబుతున్నాను, ఆ పట్టణంలో తెలుగు ఓట్లు లెక్కపెడితే వార్డు సంఘం ఎన్నిక కూడా గెలవరు. అతన్ని గెలిపించింది నీళ్లు వచ్చిన వీధుల్లోని పోలిష్ ముసలివాళ్లు.

అది పట్టణాన్ని నడిపే చిన్న కౌన్సిల్. ఆరుగురు సభ్యులు, మూడేళ్ల పదవి, జీతం నామమాత్రం. ఇంకో సంగతి కూడా మీ పాఠకులు తెలుసుకోవాలి. పట్టణానికి కావలసిన బీమా గురించి చర్చ వస్తే, అది తన వ్యాపారంతో ముడిపడిన విషయమని ముందే ప్రకటించి లేచి బయటికి వెళ్తాడు, ఓటు వేయడు. స్థానిక ప్రతినిధుల నైతిక నియమాలకు అక్కడ 1991 నుంచీ చట్టం ఉంది. మన దగ్గర కాంట్రాక్టరు కార్పొరేటరై తన గల్లీ రోడ్డు పని తానే చేయించుకోవడం కొత్త కాదు. ఆ తేడా మీద ఒక సంపాదకీయం రాయవచ్చు.

మీ శీర్షికలో "మన నేత" అన్నారు. అతను 2008లో అక్కడి పౌరసత్వం తీసుకుని, మన పాస్‌పోర్టు అప్పగించేశాడు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీద వచ్చిపోతాడు, ఇక్కడ ఓటు లేదు. అతను వాళ్ల కౌన్సిలరు. మన అభిమానం మనకుండవచ్చు గానీ, అతను జవాబు చెప్పుకోవలసింది ఆ వీధులవాళ్లకు. అక్కడ పౌరులై అలా పదవిలో కూర్చునే హక్కు మనవాళ్లకు ఊరికే రాలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం కుదరదంది. 1946లో చట్టం మారితేగానీ దారి తెరుచుకోలేదు. నెల్లూరు బిడ్డ ఉపేంద్ర చివుకుల ఇదే న్యూజెర్సీ అసెంబ్లీలో 2002 నుంచి 2014 దాకా కూర్చున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. వాళ్ల గురించి మీరు రాసినప్పుడూ ఊరు, కులం, బంధువులే ఎక్కువ కనిపించాయి. వాళ్లు అక్కడ ఏం పని చేశారో కూడా రాయండి.

బీమాకూ రాజకీయానికీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, మనవాళ్లకే ఆ సంబంధం ముందు తెలుసంటాను. గుండుగొలనులో పుట్టి బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. మనవాళ్ల పొదుపు మనవాళ్ల చేతిలో ఉండాలన్నది ఆయనకు స్వరాజ్యంలో భాగమే. 1956లో జీవిత బీమా జాతీయమై అలాంటి ప్రైవేటు కంపెనీల జీవిత బీమా వ్యాపారమంతా ఎల్‌ఐసీలో కలిసింది. మా పాత సీనియర్లు కొందరు ఆంధ్రా ఇన్సూరెన్స్ నుంచి వచ్చినవాళ్లే. జయంతికి మీరు ఆయన్ను బ్యాంకు పెట్టినాయనగా, కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో బోసు చేతిలో ఓడినాయనగా గుర్తు చేస్తారు. బీమా మాట రాదు.

ఇక మన హైదరాబాద్ సంగతి. దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తుంది కదా. మా నల్లకుంటలో హుస్సేన్‌సాగర్ నాలా పొంగి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండిపోయింది. రెండో అంతస్తు లెక్చరర్ గారి కారు బానెట్ దాకా మునిగింది. నీళ్లు తోడించాక, బతికిందో లేదో చూద్దామని పాపం ఆయన తాళం తిప్పారు. ఇంజిన్ పట్టేసింది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే పాడయ్యే ఇంజిన్‌కు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే పైసా ఇవ్వరు. సర్వేయరు అదే మాట రాసి వెళ్లిపోయాడు. తాళం తిప్పొద్దు, టోయింగ్ బండి పిలిపించండి అని ఆ ఉదయం మైకులో చెప్పే దిక్కు లేకపోయింది ఈ నగరంలో.

గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబానికైతే మంచాలు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. వాళ్లకు బీమా లేదనుకున్నారు. హౌసింగ్ లోన్ కాగితాల కట్ట తెమ్మని అడిగి నేను ఒక్కో కాగితం తిరగేస్తే అడుగున ఉంది పాలసీ. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇంటికి బీమా చేయించింది, ప్రీమియం కూడా లోన్‌లోనే కలిపింది. తుపాను, వరద నష్టం అందులో ఉన్నాయి. సామానుకు లేదు గానీ గోడలకు, తలుపులకు, వైరింగుకు ఉంది. ఆలస్యంగానైనా కొంత వచ్చింది. ఈ నగరంలో లోన్ మీద ఇల్లు కొన్నవాళ్లలో ఎంతమంది బీరువాల్లో ఇలాంటి పాలసీ పడి ఉందో ఊహించుకోండి. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని అన్ని కంపెనీలకూ ఒకే నమూనా ఇంటి పాలసీ వచ్చింది, వరదా అందులో ఉంది. మా వీధిలో దాని పేరు విన్నవాళ్లు నాకు కనపడలేదు.

ఆ వరదలప్పుడు ప్రభుత్వం కుటుంబానికి పది వేలు ఇచ్చింది. ఆ డిసెంబరు 1నే గ్రేటర్ ఎన్నికలు. ప్రచారమంతా ఆ పది వేల చుట్టూనే తిరిగింది. ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు, ఎవరు ఆపారు అని. ఇన్సూరెన్స్ అనే మాట ఏ పార్టీ అభ్యర్థి నోటా నేను వినలేదు. పాలు, బ్రెడ్ పంచినవాళ్లను తప్పు పట్టను. ఆకలి ముందు. కానీ వాన తగ్గిన మర్నాడు ఒక టేబుల్ వేసి ఫారాలు నింపే కార్పొరేటరు ఒక్కడుంటే, ఆ లెక్చరర్ గారి కారు దక్కేది.

మన రాజకీయాలకు ఇది చేతకాదని నేననను. రైతు బీమా చూడండి. 2018 ఆగస్టు 15న మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా ఎల్‌ఐసీ ద్వారా అయిదు లక్షలు. ప్రీమియం ప్రభుత్వానిది. కాగితాలు వ్యవసాయ విస్తరణాధికారే ఇంటికొచ్చి తీసుకెళ్లి పంపిస్తారు. పది రోజుల్లో డబ్బు నామినీ ఖాతాలో పడాలన్నది నిబంధన. చావు ఇంటికి ప్రభుత్వ మనిషే వచ్చి ఫారం నింపడం నా సర్వీసులో నేను కలలో కూడా అనుకోనిది. పల్లెలో రైతుకు చేసింది పట్నంలో ఆటో డ్రైవరుకు, ఇళ్లల్లో పనిచేసే ఆమెకు ఎందుకు చేయకూడదు? బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రమాద బీమా రెండు లక్షలిస్తుంది, 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా రెండు లక్షలిస్తుంది. డబ్బు కోతపడుతున్నట్టు కూడా తెలియని ఇళ్లు మా వెనక బస్తీలోనే ఉన్నాయి. మనిషి పోయాక ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. గల్ఫ్‌కు వెళ్లే మన కరీంనగర్, నిజామాబాద్ కూలీలకు పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. శవపేటిక శంషాబాద్‌లో దిగినప్పుడు ఆ పాలసీ కాగితం గురించి వాళ్ల ఇంటివాళ్లకు చెప్పేదెవరు?

2023లో జీహెచ్‌ఎంసీ వార్డు కార్యాలయాలు తెరిచింది. ప్రతి కార్యాలయంలో వారానికి ఒక పూట ఒక బీమా టేబుల్ వేయమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఖర్చేమీ లేదు. రిటైరైన డెవలప్‌మెంట్ ఆఫీసర్లు, పాత ఏజెంట్లు, సర్వేయర్లు ఈ నగరంలో కొల్లలు. కుర్చీ వేస్తే వచ్చి కూర్చుంటాం. నల్లకుంటలో నేను సిద్ధం. గ్రేటర్ అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసినప్పుడు మీ విలేకరులు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగాలి: నాలా పొంగిన మర్నాడు మీ వార్డులో క్లెయిమ్ ఫారాలు ఎవరు నింపుతారు?

ఈలోగా, కంపెనీ క్లెయిమ్ తిరస్కరించి దిక్కుతోచక ఉన్నవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు తప్పకుండా అచ్చు వేయండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255. పాలసీ బాండు, తిరస్కరణ లేఖ, కంపెనీకి రాసిన ఫిర్యాదు నకలు వెంట తీసుకెళ్లాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత డెవలప్‌మెంట్ ఆఫీసర్,
నల్లకుంట, హైదరాబాద్